ఆదర్శ నిర్ధూమ పట్టణం

…పోనీ ఊరు ఖాళీ అయిందని రాద్దామా అంటే, నివేదికలో ఆ మాటకి గడి లేదు. బొగ్గుపులుసు వాయువు తగ్గిందని రాయడానికి మాత్రం మూడు గడులున్నాయి. నడివీధి స్తంభం మీద ఆ వాయువుని కొలిచే మీటరు ఉంది; దాని గుమాస్తా మూడూ నింపాడు. అందులో అబద్ధమేమీ లేదు. అదే అతన్ని తొలుస్తోంది.

మెరుపువేగపు రైలు వచ్చి రెండేళ్లయింది. మహానగరం గంట దూరంలోకి వచ్చింది కనుక, ఊళ్లోని పరిశ్రమలన్నీ సహజంగానే మహానగరానికి వెళ్లిపోయాయి. తాళాలు చేసేవాళ్లు, అట్టపెట్టెలవాళ్లు, ఆఖరికి కుర్చీలు బాగుచేసేవాడు కూడా అక్కడి స్టేషను చుట్టూ ఒకరి మీద ఒకరు ఎక్కి కూర్చున్నారు. పక్కపక్కనే ఉంటే తెలివి పెరుగుతుందని నిపుణులు తేల్చారు. అక్కడి గాలి నల్లబడిందట. అది వేరే మీటరు, వేరే గుమాస్తా.

ఇక్కడ మిగిలింది అతని అక్క నడిపే అచ్చాఫీసు ఒక్కటే. ఇవాళ అయిదింటికి మీటరు ముల్లు ఎర్రగీత దాటకపోతే ఊరికి ‘ఆదర్శ నిర్ధూమ పట్టణం’ అని బిరుదొస్తుంది. బిరుదొచ్చిన ఊళ్లో యంత్రాలు తిరగకూడదు కనుక అచ్చాఫీసుకి రేపు సీలు పడుతుంది.

"ఏరా, నేను అచ్చేసిన పుస్తకాలు చదివే కదా పరీక్ష పాసయ్యావ్? ఇప్పుడు నా మిషను నీ ముక్కుకి ఘాటెక్కిందా?" అంది అక్క పొద్దున్న.

"పైవాళ్ల ఆర్డరక్కా. నువ్వూ అక్కడికే వెళ్లొచ్చుగా, గంట ప్రయాణం."

"వెళ్లడానికి రైలుంది. అద్దెకి నా కిడ్నీ ఉంది. రెండూ వాడెయ్యనా?"

అన్నదే గాని, మధ్యాహ్నం తనే మిషను ఆపేసింది. "నీ ఉద్యోగం పోతే మళ్లీ నా నెత్తికే చుట్టుకుంటావ్" అంది.

పర్యావరణ సంఘాధ్యక్షులు పదకొండు కార్లలో వచ్చారు. మీటరుకి తెలియకుండా కార్లన్నీ ఊరి బయటే ఆపించి, నడిచి వచ్చి, స్తంభం కింద ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా! పొగ లేదు! చప్పుడు లేదు! రద్దీ లేదు! ఇంతటి ప్రశాంతత నేను శ్మశానాల్లో తప్ప ఎక్కడా చూడలేదు!"

వెంట వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఊరివాళ్లు కొట్టలేదు. కొట్టడానికి ఉండాలి గదా.

అయిదయింది. గుమాస్తా నిచ్చెన ఎక్కాడు. ముల్లు ఎర్రగీతకి ఇవతలే బుద్ధిగా నిలబడి ఉంది. వీధి చివర అక్క, చేతులకి అంటిన సిరా కొంగుకి తుడుచుకుంటూ ఇటే చూస్తోంది.

అతను మీటరు జాలీకి నోరు ఆనించి, గుండెల్లో ఉన్నదంతా ఊదాడు. ముల్లు గీత దాటింది. ఆ అంకె చూసి రాసుకున్నాడు. ఊళ్లో మనిషున్నట్టు సర్కారు రికార్డుకి ఎక్కడం ఈ రెండేళ్లలో అదే మొదలు, అదీ కాలుష్యం కింద.