అత్తమ్మ తొక్కు రిజెక్టు

ఆ ఆదివారం పొద్దున మహిపాల్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇంత తిని, చాయ్ తాగి, ఫ్యాను కింద కూర్చుని సీసా మూతల మీద ఒక రిపోర్టు రాయాలి. మూతల మీదే రాసి ఉంటే అతనికీ సుఖం, అత్తగారికీ సుఖం. మరిపెడ జీపు డ్రైవరుకు మాత్రం ఒక కిరాయి పోయేది.

మహిపాల్ ఎనుమాముల దగ్గర ఓంప్రకాశ్ సేటు నడిపే తొక్కుల కంపెనీలో పని చేస్తాడు. బయటి నుంచి వచ్చే మిరపకాయలు, నూనె, సీసాలు, మూతలు, ఏవైనా సరే అతను చూసి సరే అంటేనే లోపలికి పోవాలి. అట్లా సరుకు పంపేవాళ్ళను సప్లయర్లంటారు. వాళ్ళ నాణ్యతను కనిపెట్టి ఉండడం ఈ కాలంలో ఒక విద్య. దానికొక పరీక్ష ఉంది, పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. ఏళ్ళ తరబడి చేస్తున్న పనికి కొత్తగా పరీక్ష ఏమిటని మహిపాల్ ఆ ఊసే ఎత్తేవాడు కాదు. కానీ నిరుడు అతని తోడల్లుడు శ్రీకాంత్ ఆ పరీక్ష పాసయ్యాడు.

శ్రీకాంత్ అంటే మహిపాల్ భార్య వినోద చెల్లెలు రమ్యకు మొగుడు. హనుమకొండలో మోటార్లు తయారుచేసే కంపెనీలో అతనిదీ ఇదే ఉద్యోగం. అతను పాసైన నాటి నుంచి మామ నర్సయ్య మరిపెడలో బస్సు దిగిన మనిషికల్లా ఆ సంగతి చెప్పి గానీ ఊళ్ళోకి పోనివ్వలేదు. ఒకసారి ఖమ్మం బస్సు ఆపి కండక్టరుకు చెబుతుంటే, విని విని విసిగిన బస్సు, డ్రైవరు లేకుండానే కదిలిపోయిందని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. పెద్దల్లుడి గురించి అడిగితే మాత్రం "ఏదో తొక్కుల కంపెనీల ఉంటడు" అని మాట మార్చేవాడు. ఆ "ఏదో" మహిపాల్ గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. ఆ ఇంటికి ముందు అల్లుడైనవాడు తాను. కూరలో మొదటి ముక్క తన పళ్ళెంలో పడాలి, మామ నోట మొదటి మాట తన గురించి రావాలి. ఆ రెండూ చేజారిపోతున్నాయని అతనికి నిద్ర పట్టడం లేదు. అందుకే ఫీజు కట్టి, లావుపాటి పుస్తకం కొన్నాడు. పరీక్షకు ముందు ఎవరైనా ఒక సప్లయర్ సరుకును పరీక్షించి, తప్పు పట్టి, రిపోర్టు రాసి పంపాలి. అదే ఆ ఆదివారం పని.

వినోద పళ్ళెంలో వేడి అన్నం పెట్టి, జాడీలోంచి తల్లి పంపిన మామిడికాయ తొక్కు వేసింది. లక్ష్మీనర్సమ్మ తొక్కు కలిపిందంటే ఆ ఘాటుకు రోడ్డు మీద పోయే లారీలు కూడా తుమ్ముతాయంటారు. లారీ తుమ్ముతుందా అని అనుమానపడేవాళ్ళు ఆ తొక్కు తిననివాళ్ళు. మహిపాల్ ఒక ముద్ద తిని చెయ్యి ఆపాడు.

"మొన్న శ్రీకాంత్ వాళ్ళింట్ల తిన్న తొక్కు గిట్ల లేదు. ఎర్రగ నిగనిగలాడింది. నూనె మీదికి తేలింది. గిది నల్లగున్నది, ఉప్పెక్కువున్నది."

"తొక్కు తొక్కు లెక్కనే ఉంటది. తిను," అన్నది వినోద.

"మీ అమ్మ సిన్నల్లునికి ఒక తీరు, నాకొక తీరు పంపుతాంది."

"మా అమ్మకు గంత ఓపిక లేదు. నీకు మండుతాంది నోరు కాదు, కడుపు."

ఆ మాటకు మహిపాల్ లేచి చేయి కడుక్కున్నాడు. కడుక్కుంటూ ఉండగానే బుర్రలో ఒక దీపం వెలిగింది. ఒకే సప్లయర్ ఇద్దరికి సరుకు పంపుతోంది. ఒకరికి మంచిది, ఒకరికి నాసి. లావుపాటి పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. మూతలు గీతలు ఎందుకు, అత్తగారి మీదే రిపోర్టు రాస్తే పరీక్షా అవుతుంది, ఆమె పక్షపాతం కాగితం మీద రుజువూ అవుతుంది. ఇంటి జాడీలోంచి కాస్త తొక్కు ఒక చిన్న స్టీలు డబ్బాలోకి తీసుకున్నాడు. రెండో శాంపిల్ కోసం మరో డబ్బా అంగీ జేబులో వేసుకుని హనుమకొండ బయలుదేరాడు.

తోడల్లుడి ఇంటికి ఊరికే పోతే బాగుండదు గనుక పుస్తకం చంకన పెట్టుకుని, ఒక సందేహం ఉందని చెప్పాడు. పళ్ళన్నీ పీకించుకున్నా అంత నొప్పి ఉండేది కాదు.

"గింత అల్కటి ముచ్చట తెలువదా అన్నా," అని శ్రీకాంత్ మొదలుపెట్టాడు. "నేనైతే గీ పాఠం బస్సుల పోవుకుంట చదివిన."

అతను పాఠం చెబుతూనే ఉన్నాడు. మహిపాల్ తలాడిస్తూనే ఉన్నాడు. చివరికి రమ్య అన్నానికి పిలిచింది. మహిపాల్ తొక్కు ఒకసారి అడిగాడు, మరొకసారి అడిగాడు, రమ్య వంటింట్లోకి పోగానే పళ్ళెంలోని తొక్కును జేబులో డబ్బాకెత్తాడు. తొందరలో మూత సరిగ్గా పడలేదు. మూతల మీద రిపోర్టు రాయవలసిన మనిషికి అట్లా కావడం అన్యాయమే గానీ, అయింది. అంగీ మీద ఎర్రటి మరక అరచెయ్యంత పాకింది.

"బావా, ఏందది, నెత్తురా," అన్నది రమ్య వంటింట్లోంచి వస్తూనే.

"ఎర్ర పెన్ను లీకయింది."

"పెన్నుల ఎల్లిపాయ పడుతదా బావా?"

మహిపాల్‌కు అర్జంటు పని గుర్తుకొచ్చింది. అతను గేటు దాటగానే రమ్య మరిపెడకు ఫోన్ చేసింది. "అమ్మా, బావ మా ఇంట్ల దొంగతనంగ తొక్కు జేబుల పోసుకపోయిండు. అక్క ఇంట్ల వండుతాందో లేదో. ఇద్దరికీ ఏమన్న లొల్లి అయిందో ఏమో, జర కనుక్కో."

లక్ష్మీనర్సమ్మ వెంటనే పెద్దబిడ్డకు ఫోన్ కలిపింది. వినోద అప్పటికే మొగుడి మీద మంటగా ఉంది. "ఆయన ముచ్చట నన్ను అడగకు," అని పెట్టేసింది. ఇంకేముంది, తల్లికి అనుమానం తీరిపోయింది. బిడ్డ కాపురంలో నిప్పు పడింది.

సోమవారం పొద్దున మహిపాల్ రెండు డబ్బాలు తీసుకెళ్ళి కంపెనీ ల్యాబులో మొగిలి ముందు పెట్టాడు. ఉప్పు, నూనె, పులుపు కొలిచే పని మొగిలిది. అతను ఏది అడిగినా చేస్తాడు, ఎందుకని మాత్రం అడగడు. ఇంటి తొక్కుకు ఒకటో నంబరు, తోడల్లుడి తొక్కుకు రెండో నంబరు వేశారు.

"ఒకటోది ఫెయిల్ సార్," అన్నాడు మొగిలి మధ్యాహ్నానికి. "ఉప్పెక్కువ, నూనె తక్కువ, కారమైతే మన మిషిన్ల లెక్కనే లేదు. రెండోది పాసు. పాసంటే పాసు గాదు, అచ్చం మన కొలతలకు అచ్చు గుద్దినట్టున్నది."

"మరి సిన్నల్లుడు గద," అన్నాడు మహిపాల్ పళ్ళ మధ్య నుంచి.

అంత కోపంలోనూ అతనికి సంబరంగా ఉంది. రుజువు దొరికింది. ఫలితాలు కంప్యూటర్లో ఎక్కించమన్నాడు. రిపోర్టు అసలైనదిలా ఉండాలని సప్లయర్ పేరు దగ్గర లక్ష్మీనర్సమ్మ, మరిపెడ అని, ఫోన్ దగ్గర అత్తగారి నంబరు చెప్పాడు. సరుకు ఫెయిలైతే సప్లయర్‌కు కంప్యూటరే నోటీసు పంపుతుంది. సరుకు వెనక్కి పోయిన ప్రతివాడికీ ఫోన్ చేసి తిట్లు తినలేక ఆ ఏర్పాటు పెట్టించింది మహిపాలే. ఆ సంబరంలో ఆ సంగతి గుర్తుకు రాలేదు.

మరిపెడలో నర్సయ్య ఫోన్ చేతిలోకి తీసుకుని, అద్దాలు తుడుచుకుని, భార్యకు వినిపించేలా చదివాడు.

"మీరు పంపిన సరుకు నాసిరకముగా ఉన్నందున తిరస్కరించడమైనది. ఇట్లు ఎందుకు జరిగినదో వారము లోపల మా కార్యాలయమునకు వచ్చి సంజాయిషీ ఇవ్వగలరు. లేనిచో మీతో మా సంబంధములు శాశ్వతముగా తెంచుకొనబడును."

లక్ష్మీనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సంబంధం తెంపుకుంటడట. తొక్కు మంచిగ లేదని బిడ్డను ఇడిసిపెడుతడా?"

"కింద కంపెనీ ముద్ర గూడ ఉన్నది," అన్నాడు నర్సయ్య. "ఇది వకీలుతోని రాపిచ్చిన కాయితమే. వారం దాకెందుకు, నడువు."

ఆమె ఆ ఏడాది పెట్టిన తొక్కులో మిగిలిన పెద్ద జాడీని, అల్లుడి కాళ్ళావేళ్ళా పడవలసి వస్తే పనికొస్తుందని, జీపులో ఒళ్ళో పెట్టుకుంది. ఆమె వదిన సమ్మమ్మ పెద్దరికానికి ఎక్కింది. పంచాయితీ అంటే సరదా పడేవాళ్ళు ఎక్కారు. ఎక్కినవాళ్ళు ఎంతమందంటే, దారిలో ఒక పోలీసాయన జీపు ఆపి లోపలికి తొంగిచూసి, ఎక్కడ నుంచి లెక్కపెట్టాలో తోచక సెల్యూట్ కొట్టి పంపించాడంటారు. శివనగర్‌లో మహిపాల్ ఇంటి దగ్గర ఆగి వినోదను ఎక్కించుకున్నారు. రమ్యనూ శ్రీకాంత్‌నూ ఎనుమాముల రమ్మని ఫోన్ చేశారు. ఏం జరుగుతోందో వినోదకు తెలియదు. చెప్పే తీరిక వాళ్ళెవరికీ లేదు, అందరూ ఆమెను ఓదార్చే పనిలో ఉన్నారు.

సరిగ్గా అప్పుడే ఓంప్రకాశ్ సేటు రొట్టెల డబ్బాతో ల్యాబులోకి వచ్చాడు. ఇంటి నుంచి కూర రాలేదు. బల్ల మీద రెండు తొక్కులు కనిపించాయి. ఒకటో నంబరు కాస్త రొట్టెకు రాసి కొరికాడు. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు, నడినెత్తి మీంచి పొగ. మొగిలి నీళ్ళ గ్లాసు తెచ్చేసరికి సేటు మూడో రొట్టె మీద ఉన్నాడు.

"అరె భాయ్, ఇది ఎవరు చేసిన్రు," అన్నాడు తేరుకుని.

"అది ఫెయిలైంది సేట్," అన్నాడు మొగిలి.

"ఫెయిల్ చేసినోడెవడు?"

మహిపాల్ నోరు తెరిచే లోపల గేటు దగ్గర జీపు ఆగింది. ల్యాబు నిండా చుట్టాలే. శ్రీకాంత్ రమ్యతో సహా వెనక నిలబడ్డాడు. లక్ష్మీనర్సమ్మ ముందుకొచ్చి జాడీ బల్ల మీద పెట్టింది.

"సంజాయిషీ అడిగినవట అల్లుడా. ఏం తప్పు చేసిన్నో చెప్పు. నా బిడ్డను ఎందుకు ఇడిసిపెడుతానవో గది గూడ చెప్పు."

"నన్ను ఇడిసిపెడుతాండా," అన్నది వినోద. ఆమెకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"నేను ఎవ్వర్ని ఇడుస్తలేను," అన్నాడు మహిపాల్. నోటీసు చూపించగానే అతనికి జరిగిందంతా అర్థమైంది. అది పరీక్ష కోసమని, కంప్యూటర్ చేసిన పనని చెప్పి కాళ్ళ మీద పడితే అంతటితో పోయేది. కానీ ఇన్నాళ్ళూ కడుపులో ఉడుకుతున్నది ఊరుకోనిస్తుందా. "కాని అడగాల్సింది ఒకటున్నది అత్తమ్మా. నాకు ఫెయిల్ తొక్కు, శ్రీకాంత్‌కు పాస్ తొక్కు ఎందుకు పంపినవ్? మిషినే చెప్పింది. ఒకటోది నాది, రెండోది వాళ్ళది."

లక్ష్మీనర్సమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "శ్రీకాంత్‌కు నేను ఈ యేడు తొక్కే పంపలేదు."

వెనక నుంచి శ్రీకాంత్ గొంతు సన్నగా లేచింది.

"గదే అత్తమ్మా, ఎన్నాళ్ళ సంది అడుగుదామనుకుంటాన. పెద్దల్లునికేమో జాడీకి జాడీ. నేనేం పాపం చేసిన? సర్టిఫికెట్ తెచ్చుకున్న, మామ ఊరంత చెప్పిండు, తొక్కు కాడికి వచ్చేసరికి నేను పరాయోన్నైన."

"నీకు కడుపుల మంట, కారం బందు పెట్టిన అని నువ్వే అంటివి గద బిడ్డా."

"అంటే పంపకుంటరా?"

"మరి మీ ఇంట్ల తొక్కు ఎక్కడిది," అన్నాడు మహిపాల్.

అందరూ రమ్య వైపు చూశారు. రమ్య గోడ వైపు చూసింది. "దుకాన్ల కొన్న సీస తొక్కు. జాడీల ఒంపిన. బావ వస్తే, అక్కకు పంపిన్రు, మాకు పంపలేదని సిన్నతనం గాదా?"

సేటు రెండో నంబరును వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. పెద్దగా ఆలోచించలేదు.

"ఇది మన సీసదే మహిపాల్. నువ్వు పాస్ చేసిన మిరపకాయ, నువ్వు పాస్ చేసిన నూనె. నువ్వెప్పుడు తినలేదా?"

తెలిసి తినలేదు. అత్తగారి తొక్కు ఉండగా కంపెనీ తొక్కు ముట్టే ఖర్మ అతనికి ఎప్పుడూ పట్టలేదు.

లక్ష్మీనర్సమ్మ ఒక అల్లుడిని చూసింది, ఇంకో అల్లుడిని చూసింది. ఒకడు తొక్కు పంపినందుకు నోటీసు ఇచ్చాడు. ఇంకొకడు పంపనందుకు నిష్ఠూరాలాడాడు. సేటు మాత్రం కన్నీళ్ళింకా ఆరని మొహంతో వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు.

"అమ్మా, మా అమ్మ పోయినంక గిసొంటి తొక్కు తినలేదు."

ఆమె మారుమాట లేకుండా జాడీ ఎత్తి సేటు చేతుల్లో పెట్టింది. "తిను నాయినా. నీకు పెట్టినా పుణ్యముంటది." పెద్దరికానికి వచ్చిన సమ్మమ్మ ఇక తీర్చవలసిన తగవేమీ లేదని తేల్చేసి, జీపు వైపు నడిచింది.

ఆ తర్వాత మహిపాల్ రిపోర్టు పంపాడు, పరీక్ష రాశాడు, పాసయ్యాడు. సప్లయర్లతో సత్సంబంధాలు అన్న చోట మాత్రం మార్కులు పెద్దగా రాలేదు. ఫలితం తెలిసిన నిమిషానే మరిపెడకు ఫోన్ చేశాడు. ఇన్నాళ్ళకు మామ నోట తన పేరు బస్సు స్టాండు దాకా వినిపిస్తుందని అతని ఆశ.

"మామా, నేను పాసైన."

"మంచిది బిడ్డా, జర ఆగి చెయ్యి," అన్నాడు నర్సయ్య. "సేటు కారేసుకొని వచ్చిండు, అన్నం తింటాండు. మీ అత్త నాటుకోడి వండింది. ముక్కలు సల్లగైతయి."

మహిపాల్ ఫోన్ జేబులో వేసుకుని నేరుగా శ్రీకాంత్ ఇంటికి వెళ్ళి విషయం చెప్పాడు. శ్రీకాంత్ మొహం కూడా నల్లబడింది. ఇద్దరూ చెరో పళ్ళెం ముందు కూర్చుని, మధ్యలో కంపెనీ సీసా పెట్టుకుని, చాలాసేపు సేటు గురించి మాట్లాడుకున్నారు. తోడల్లుళ్ళయ్యాక వాళ్ళిద్దరికీ మొదటిసారి ఒక మాట మీద ఏకాభిప్రాయం కుదిరింది: ఆ సేటు మంచి మనిషి కాదు.