జగ్గారావు ఫోను, జగ్గారావు బ్రౌజరు

ఆ పొద్దున్న జగ్గారావు పెట్టుకున్న పని ఒక్కటే. టీ చల్లారేలోగా కాలనీ కమ్యూనిటీ హాలు బుక్ చేయాలి. పుట్టి పెరిగిన కాలనీలోనే తన నిశ్చితార్థం జరగాలని కూతురు నీలిమ కోరిక. హాలు దొరక్కపోతే తగరపువలసలో మేమే పెట్టించేస్తామని వియ్యంకుడు అప్పుడే ఉబలాటపడుతున్నాడు. స్టీల్ ప్లాంటులో ఇన్నేళ్లుగా క్రేన్ నడుపుతున్న జగ్గారావుకి ఆ మాట మింగుడుపడలేదు.

వాట్సాప్‌లో వచ్చిన హాలు బుకింగ్ లింకు నొక్కాడు. ఫోనుతోపాటు వచ్చిన బ్రౌజరు తెరుచుకుంది. తేదీతో సహా వివరాలన్నీ నింపి 'బుక్' అన్నచోట నొక్కగానే చక్రం తిరగడం మొదలైంది. అది ఎంతకీ ఆగదే! మధ్యలో నడుంనొప్పి నూనె ప్రకటన ఒకటి.

"ఫోను కొన్నది నాను. ఏ బ్రౌజరు తెరవాలో ఇది సెప్తాదేటి?" అంటూ సెట్టింగుల్లోకి వెళ్లి, ఎప్పుడో దించుకున్న వేరే బ్రౌజర్ని డిఫాల్ట్ చేయబోయాడు. 'నిజంగా మార్చాలా?' అని ఫోను అడిగింది. అలా అడిగితే జగ్గారావు ఆగే రకం కాదు. మార్చేశాడు.

లింకు మళ్లీ నొక్కాడు. కొత్త బ్రౌజరు చకచకా తెరిచి, ఆ తేదీకి హాలు బుక్ అయిపోయిందని చూపించింది.

"ఇప్పుడే కాళీగా ఉంది కదేటి! ఎవడో పరవాడ ఊరోడు కొట్టీసినాడు!"

పక్కనే ఉన్న బావమరిది ఉమాశంకర్ నెమ్మదిగా అన్నాడు. "బావా, ఓపాలి ఆ పాత దాంట్లో సూడు."

"దాని మొకం నాను సూడను. పద ఆఫీసుకి!"

హాలు వ్యవహారాలు చూసే సత్యశ్రీ అప్పుడే వచ్చి కూర్చుంది. "మీ పేరు సార్?"

"నా పేరుతో పనేటమ్మా? మా హాలు బుక్ సేసినోడు బయటోడు. ముందు ఆడి పేరు సెప్పండి."

"పేర్లు చెప్పకూడదు సార్. కాలనీ మనిషో కాదో ఫోన్ చేసి కనుక్కుంటా. పలక్కపోతే రద్దు చేసేస్తా."

ఆమె ఆఫీసు ఫోను నుంచి నంబరు కలిపింది. జగ్గారావు జేబులో ఫోను మోగింది. ఎవరిదో తెలియని నంబరు. "ఈ లోన్లోళ్లకి వేళాపాళా లేదు" అని కట్ చేశాడు. ఆమె మళ్లీ చేసింది. అతను మళ్లీ కట్ చేశాడు.

"కట్ చేస్తున్నారు సార్."

"సూసారా? దొంగ గాబట్టే కట్ సేత్తన్నాడు! తీసీండి!"

ఉమాశంకర్ ఆమె ఫోను వంకా బావ జేబు వంకా చూశాడు. "బావా, అది..."

"నువ్వుండ్రా!"

సత్యశ్రీ రద్దు చేసేసింది. ఆ వెంటనే జగ్గారావు ఫోనుకి మెసేజ్ వచ్చింది. 'జగ్గారావు గారూ, మీ హాలు బుకింగ్ రద్దయింది.'

అంటే ఇందాక పాత బ్రౌజర్లో బుక్ అయింది తన హాలే! నీలిమకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

"బావా, ఇప్పుడు హాలు కాళీయే కదా! నొక్కు!" అని ఉమాశంకర్ అరిచాడు.

లింకు నొక్కి, గబగబా వివరాలు నింపాడు జగ్గారావు. ఈసారి చక్రం తిరగలేదు. హాలు బుక్ అయింది. హమ్మయ్య అని గోడకి చేరబడ్డాడు.

సత్యశ్రీ కంప్యూటర్లోకి చూసి తలెత్తింది. "సార్, ఆయనే మళ్లీ బుక్ చేశారు. ఫోన్ చేయమంటారా?"

"వద్దమ్మా. ఆడు కాలనీ మనిసే. నాకు బాగా తెలుసు."

మెట్లు దిగుతూ ఛాతీ విరుచుకుని బావమరిదితో అన్నాడు. "సూసావేటి? ఆ పాత బ్రౌజర్లో సేసిన బుకింగు ఎలా రద్దయిపోనాదో!"