ప్రాజెక్టులో మునగడానికి టికెట్టు

కన్నబిడ్డ నడుముకు సీసం బిళ్లలు కట్టి, వీపుకు సిలిండర్ తగిలించి, ప్రాజెక్టు నీళ్లలో ముంచేయడాన్ని మించిన నిశ్చింత తల్లికి ఈ లోకంలో ఇంకొకటి లేదు!

అట్లా కోపంగా చూడకండి. నేను రాక్షసిని కాదు. ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టుకునే, పదో తరగతి దాటని మామూలు తల్లిని. కుక్కర్ ఈల వేయడం కాస్త ఆలస్యమైతే పేలిపోతుందని పెరట్లోకి పరుగెత్తే రకం. అలాంటి నేనే ఈ మాట అంటున్నానంటే అందులో ఎంత సత్యం ఉండాలో మీరే ఆలోచించండి.

మా నిహారిక కామారెడ్డిలో డిగ్రీ చదువుతుంది. దసరా సెలవులకు ముందు ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "అమ్మా, ఎల్లుండి స్కూబా డైవింగ్‌కు పోతున్న. రాత్రి క్యాంపింగ్ గూడ ఉన్నది" అంది.

స్కూబా అంటే ఏదో కొత్త రకం కోచింగ్ అనుకుని సంతోషించాను. ఉద్యోగం వస్తుందేమోనని కూడా ఆశపడ్డాను. అప్పుడు ఫోన్‌లో వీడియో చూపించింది. నీలం నీళ్లు, పసుపు చేపలు, వాటి మధ్య కాళ్లు ఆడిస్తూ మనుషులు.

"ఏ దేశమే ఇది?"

"పోయేది ఆడికి కాదమ్మా. మన ప్రాజెక్టుకే."

మన ప్రాజెక్టా! ఎల్లారెడ్డి దాటగానే వచ్చే ఆ ప్రాజెక్టు నీళ్లను నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి చూస్తున్నాను. పాలు తక్కువ పోసిన టీ రంగు! అందులో బొచ్చెలు, కొర్రమట్టలు తప్ప పసుపు చేప పడిందని చేపలమ్మే హన్మండ్లు ఇంతవరకు చెప్పలేదు. పైగా ఏటా ఎవరో ఒకరిని మింగే నీళ్లు. గట్టు మీద నుంచి చూడాలన్నా నేను దేన్నో ఒకదాన్ని పట్టుకునే చూస్తాను. నా ఒక్కగానొక్క బిడ్డ లోపలికి పోయి చూసి వస్తుందట!

ఏడ్చాను. అన్నం మానేశాను. మస్కట్‌లో ఉన్న మా ఆయనకు వీడియో కాల్ చేశాను. ఆయన తాపీగా, "పోనియ్యరాదు, నీళ్లే గద" అన్నాడు. ఎడారిలో ఉన్న మనిషిని నీళ్ల సంగతి అడగడం నాదే పొరపాటు.

చివరికి ఒప్పుకుని, టికెట్టుకు డబ్బులు కూడా ఇచ్చాను. ఒప్పుకున్నాకే నాకు జ్ఞానోదయమైంది. ఆ జ్ఞానాన్ని తోటి తల్లులకు పంచాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నీళ్ల కింద లారీలుంటాయా? కామారెడ్డి రోడ్డు మీద లారీలు ఎంత వేగంగా వస్తాయో మీకు తెలుసు కదా! నీళ్ల కింద కరెంటు తీగ తెగి మీద పడదు. వీధికుక్క వెంటపడదు. బైకు ముందు చక్రం గాల్లోకి లేపి ఆడపిల్లలకు చూపించే వీరులుండరు. సెల్ఫీ తీసుకుంటూ వెనక్కి నడిచి డాబా మీంచి పడే ప్రమాదం అసలే లేదు. ఇవన్నీ రోజూ బస్సు వచ్చేదాకా నేను కూర్చుని భయపడే సంగతులు. ఒక్క మునకతో అన్నీ పోయాయి! ఇక మిగిలిన భయం ఊపిరి ఒక్కటే. దానికీ సిలిండర్ ఉంది. ఇన్ని భయాలు ఒకే ఒక్క భయంగా మారిపోవడం వరం కాక మరేమిటి?

శనివారం పొద్దున నేనూ వెళ్లాను. ఎవరూ పిలవలేదు. తల్లికి పిలుపేమిటి? చాట, తునికాకు, తంబాకు మూట కట్టుకుని, పక్కింటి భూమక్కను తోడు తీసుకుని, నీళ్లలోకి దిగే మెట్ల పక్కన గట్టు మీద కూర్చున్నాను. చేతులు బీడీలు చుడతాయి, కళ్లు కాపలా కాస్తాయి. (ఆనాటి బీడీల్లో సగం కార్ఖానాలో పక్కకు తీసి పడేశారు. కొన్నిట్లో తంబాకే లేదట! బిడ్డ నీళ్లలో ఉంటే తంబాకు ఎవరికి గుర్తుంటుంది?)

నేను ఇంకో వస్తువు కూడా పట్టుకుపోయాను. ఖాళీ నూనె డబ్బా. మా వైపు బావిలో ఈత నేర్పేటప్పుడు పిల్లల వీపుకు ఖాళీ డబ్బా కట్టి వదులుతారు. పిల్లవాడు మునుగుదామన్నా డబ్బా మునగనివ్వదు. మా అన్నలంతా అట్లాగే నేర్చుకున్నారు. నీళ్ల దగ్గరికి పిల్లను పంపేటప్పుడు డబ్బా పంపడం, ఊరికి పంపేటప్పుడు స్వెటర్ పంపినంత సహజం. చలి ఉండనీ, లేకపోనీ!

అక్కడికి పోయి చూస్తే ఏముంది? సిద్ధార్థ అనే ట్రైనర్, ఒంటికి నల్ల రబ్బరు బట్టలేసుకుని, నా బిడ్డ నడుముకు సీసం బిళ్లల పట్టీ బిగిస్తున్నాడు.

"గదెందుకు బిడ్డా?" అన్నాను.

"మునగనీకి ఆంటీ. బరువు లేకుంటే తేలిపోతది."

"తేలితే మంచిదే గద!"

"ఆంటీ, గిది స్కూబా. మునగాలె."

నేను సంచిలోంచి డబ్బా తీశాను. ఆ అబ్బాయి డబ్బాను చూశాడు, నన్ను చూశాడు.

"డబ్బా కడితే మునగదు ఆంటీ!"

"మునగొద్దనే గద కట్టేది!"

భూమక్క మధ్యలో దిగింది. "గట్ల కొట్లాడుడెందుకు సారూ? మీ సీసం మీరు కట్టుకోండ్రి, మా డబ్బా మేం కట్టుకుంటం. ఎవలది గెలుస్తదో సూద్దాం."

ట్రైనర్ నవ్వి అవతలి పిల్లల దగ్గరికి పోయాడు. ఆ నవ్వును నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను. ఆ బట్టల్లో, ఆ బరువులో మెడ కూడా తిప్పలేని నా బిడ్డ వెనక్కి పోయి, సిలిండర్ పట్టీకి డబ్బాను గట్టిగా ముడేశాను.

నిహారిక నీళ్లలో దిగింది. సీసం కిందికి లాగింది, డబ్బా పైకి లాగింది. పాపం నా బిడ్డ మునగలేదు, తేలలేదు. కాళ్లు లోపలికి, వీపు పైకి పెట్టుకుని బాతులాగా ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. స్నేహితులంతా ఫోన్లు తీశారు.

"అమ్మా! నా ఇజ్జత్ తీస్తివి గదనే!"

"ఇజ్జత్ పోతే మళ్ల సంపాయించుకుందాం. నువ్వు పోతే యాడికెల్లి తేవాలె?"

సిద్ధార్థ డబ్బా విప్పి తెచ్చి, ప్రసాదం ఇచ్చినట్టు రెండు చేతులా నా ముందు పెట్టాడు. "బుడగలు చూస్తుండండి ఆంటీ. బుడగలొస్తున్నయంటే ఊపిరి తీస్తున్నట్టే" అని చెప్పి నా బిడ్డను తీసుకుని కిందికి పోయాడు.

అక్కా చెల్లెండ్లారా, ఆ బుడగల మహిమ ఏమని చెప్పను! మామూలు రోజుల్లో ఫోన్ చేస్తే నా బిడ్డ ఇచ్చే జవాబులు "ఆ", "ఊ", "పెట్టెయ్యి". ఆ రోజు బుడగ తరువాత బుడగ, బుడగ తరువాత బుడగ. ఒక్కటి కూడా విసుక్కోలేదు! కన్నతల్లితో అంతసేపు ఓపికగా మాట్లాడటం కాలేజీలో చేరాక అదే మొదటిసారి. నా కళ్లు చెమర్చాయి. "మంచిగున్నది, నా బిడ్డ మంచిగున్నది" అని భూమక్కకు చూపించాను.

అంతలో ఆ బుడగల్లోంచి రెండు కొమ్ములు లేచాయి. తరువాత ఒక మూతి. నోట్లో నాచు.

ఇంతసేపూ నేను మురిసిపోయింది బర్రెను చూసి!

నేను పెట్టిన కేకకు చాట ఎగిరి నీళ్లలో పడింది. బర్రె కూడా జడుసుకుంది. భూమక్క నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. "లొల్లి వెట్టకు అరుణా, నీ బిడ్డవి గా పక్క వస్తున్నయ్." నిజమే. తాడు దగ్గర నా బిడ్డ తల పైకి లేచింది. బతికే ఉంది. నేనే సగం పోయాను.

ఆ తాడు గురించి చెప్పలేదు కదూ! ఏం ఏర్పాట్లనుకున్నారు! మెట్ల నుంచి లోపలిదాకా నారింజ రంగు తాడు, దానికి బంతుల్లాంటి తేలే గుండ్లు. ఎవరైనా తాడు దాటితే ఈల ఊదడానికి పొద్దంతా నిలబడి ఉండే ఒక సారు. ఎర్ర జెండాలు. గట్టు మీద తలుపులు తెరిచి పెట్టిన అంబులెన్స్. అందులో సెల్‌ఫోన్ చూసుకుంటూ ఒక నర్సమ్మ. మా ఇంటి పెళ్లికి కూడా ఇన్ని ఏర్పాట్లు ఉండవు!

నిహారిక బయటికి వచ్చి ఒళ్లు తుడుచుకుంటుంటే అడిగాను. "ఏం జూసినవ్ బిడ్డా?"

"బురద."

"ఇంకా?"

"మెట్ల కింద ఒక చెప్పు."

"ఆడోళ్లదా, మొగోళ్లదా?" అని భూమక్క అడిగింది.

నిహారిక తుడుచుకోవడం ఆపి భూమక్క వైపు చూసింది. అప్పుడు నాకూ గుర్తొచ్చింది. భూమక్క తోటికోడలు తార పోయిన దసరాకు ఈ మెట్ల మీదే బొంత పిండుతూ కాలుజారి మునిగింది, బతకలేదు. భూమక్క అంబులెన్స్ వైపు చూస్తూ, "మా తారను ఆటోల ఏస్కపోయినం. గది గూడ దొరుకనీకి శానసేపైంది" అంది. అని, చేతిలో సగం చుట్టిన బీడీని మళ్లీ చుట్టసాగింది.

సరే, నేను లాభాల సంగతి కదా చెబుతున్నాను. క్యాంపింగ్ ఉంది చూశారూ, అది ఇంకా గొప్పది. ప్రాజెక్టు నుంచి ఆటో ఎక్కితే పది నిమిషాల్లో మా ఇల్లు. స్లాబు ఇల్లు. ఆ స్లాబు కోసమే మా ఆయన ఇన్నేళ్లుగా మస్కట్‌లో ఉన్నాడు. దాన్ని వదిలి బిడ్డ గుడ్డ గుడారంలో పడుకుంది. ఇంట్లో గ్యాస్ వెలిగించమంటే గోళ్ల రంగు పోతుందనే పిల్ల, అక్కడ మూడు రాళ్లు పెట్టి, కట్టెలు పేర్చి, కళ్లలో నీళ్లు కారుతుండగా మ్యాగీ వండింది. "అమ్మా, పొగ వాసన ఎంత మంచిగుంటదో!" అని నాకు చెప్పింది. ఆ వాసన పీల్చీ పీల్చీ దగ్గు తెచ్చుకున్న మా అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

బయటికి పోవాలంటే టార్చి పట్టుకుని చెట్ల చాటుకు. ఆడపిల్లకు ఆ గతి పట్టకూడదనే కదా మేమంతా ఇండ్లలో మరుగుదొడ్లు కట్టించుకున్నది! ఇప్పుడు దాని పేరు నేచర్ ఎక్స్‌పీరియెన్స్. మేము చిన్నప్పుడు ఎంత ఎక్స్‌పీరియెన్స్ సంపాదించామో తెలియక కష్టాలనుకున్నాం!

ఆదివారం సాయంత్రం గుడారాలు మడిచారు. తాడు చుట్టారు. జెండాలు పీకారు. నిహారిక దోమకాట్లతో, ఒక మెడల్‌తో ఇంటికి వచ్చింది.

సోమవారం మా వాడకట్టు ఆడవాళ్లం దసరా బొంతలు ఉతకడానికి అదే మెట్ల దగ్గరికి పోయాం. ఇంట్లో నల్లా నీళ్లు బొంత తడపడానికే చాలవు, ఇక జాడించేదెట్లా? సెలవులే కదా అని నిహారిక స్కూటీ మీద మూటలు తెచ్చింది. తెచ్చి, మెట్ల మీద నిలబడి, ఆఫీసరులాగా అటూ ఇటూ చూసింది.

"అమ్మా, తాడేది?"

"ఏం తాడే?"

"మొన్న గీడ గట్టిండ్రు గద. ఈల సారు ఏడి? అంబులెన్స్ ఏడి?"

"టికెట్టోళ్ల కోసం తెచ్చిండ్రు బిడ్డా. టికెట్టోళ్లు పోయిండ్రు, అవి గూడ పోయినయ్."

"నేను కిందికి పోయి చూసిన. గీ మెట్టు తర్వాత ఇంకేం లేదు, అంతా లోతే. నువ్వు దిగకు."

"దిగకుంటే బొంతలెవలు ఉతుకుతరు?"

బిడ్డ చెప్పులు విడిచింది. చున్నీ నడుముకు బిగించి నా పక్కన నీళ్లలోకి దిగింది. జోడీ లేకుండా ఎవరూ నీళ్లలో ఉండకూడదని స్కూబాలో నేర్పారట. నా మణికట్టు పట్టుకుంది. నేను వంగినప్పుడల్లా "ఇగ చాలు, ఎన్కకు రా" అని అరిచింది. అవతల భూమక్క వంగినా అరిచింది. వాడకట్టంతా నవ్వింది. భూమక్క మాత్రం నవ్వకుండా ఒక మెట్టు వెనక్కి జరిగింది.

అబద్ధం చెప్పకూడదు. మాకు కూడా ఒక ఏర్పాటుంది. "లోతు ఎక్కువ, జాగ్రత్త" అని ఒక బోర్డు. అది మంచి ఎండ తగిలే చోట పెట్టారు. దాని మీద మేం బొంతలు ఆరేస్తాం.

కాబట్టి స్కూబా పెట్టించేవాళ్లకు, పర్మిషన్ ఇచ్చేవాళ్లకు ఈ తల్లి విన్నపం ఒక్కటే. దయచేసి శనివారంతో పాటు సోమవారం కూడా రండి. మాకు నల్ల బట్టలొద్దు, సిలిండర్లొద్దు, పసుపు చేపలు అసలే వద్దు. ఆ తాడొక్కటి మెట్లకు కట్టి, ఆ ఈల సారును నిలబెట్టి పోండి. ఊరికే చేయడం మీకు కుదరదంటారా? మమ్మల్ని కూడా టికెట్టు వాళ్లలోనే రాసుకోండి. సరదాకే నీళ్లలో దిగుతున్నామని ఒప్పుకుంటాం. బొంతలు ఉతకడం మా హాబీ అని చెబుతాం!

ఏం చేస్తాం మరి? మా ప్రాజెక్టులో కావాలని మునిగేవాళ్లను పైకి తీయడానికి అందరూ ఉన్నారు. కాలుజారి మునిగేవాళ్లకే ఇంకా టికెట్టు పెట్టలేదు.