పెట్టెలు విడదీయు అయస్కాంతమునకు అనుమతి

రెండు వస్తువులను కలపడానికి మన దేశంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. అవి తమంతట తాము కలిసిపోయినా అభ్యంతరం లేదు. ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి హర్షం వెలిబుచ్చుతారు. విడదీయాలంటే మాత్రం దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ వస్తువులు అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవైన బొమ్మ రైలుపెట్టెలే అయినా ఈ సూత్రానికి సడలింపు లేదని 1970లో నాంపల్లిలో రుజువైంది.

రుజువు కావడానికి కారకుడు రామచందర్. ఆబిడ్స్‌లో ఒక సందులో రేడియోలు బాగుచేసే దుకాణం అతనిది. ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక. పుట్టినప్పటి నుంచీ రైళ్ల చప్పుడులోనే నిద్రపోయిన మనిషి కాబట్టి, నడివయసు వచ్చేసరికి ఇంట్లోనూ ఒక రైలు ఉంటే బాగుంటుందని అతనికి తోచింది. ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బల్ల వేశాడు. దాని మీద పట్టాలు పరిచి, అట్టతో స్టేషన్ కట్టి, కరెంటుతో రైలు నడిపించాడు. (ముందుగది అంటే ఇంటికి వచ్చినవాళ్లు కూర్చునే గది. బల్ల వచ్చాక వాళ్లు నిలబడేవారు. కొన్నాళ్లకు రావడం మానేశారు.)

అతని భార్య విద్యావతి ఆ గదిలో కుట్టుమిషన్లు పెట్టి క్లాసు నడుపుదామనుకుంది. రెండేళ్లుగా అనుకుంటూనే ఉంది.

రైలు నడవడం గొప్ప సంగతేమీ కాదు. అసలు స్టేషన్లో మాదిరిగా ఒక పెట్టెను పక్క పట్టా మీద వదిలేసి ఇంజను దారిన ఇంజను పోవాలి. అందుకు పెట్టెల నడుమ కొక్కేలు ఊడాలి. రామచందర్ చేత్తో ఊడదీయబోతే అతని వేళ్లు ఆ ఊరి మీదికి ఏనుగుల్లా దిగేవి. స్టేషన్ మాస్టరు బోర్లా పడేవాడు, రెండు చెట్లు కూలేవి.

చివరికి ఉపాయం దుకాణంలోనే దొరికింది. పాడైపోయిన లౌడ్‌స్పీకర్ల లోంచి ఒక అయస్కాంతం తీసి పట్టాల కింద దాచాడు. ఒక్కో కొక్కేనికి అడుగున చిన్న ఇనుప తీగ వేలాడదీశాడు. రెండు పెట్టెల నడుమ సందు సరిగ్గా అయస్కాంతం మీదికి రాగానే రైలు ఆపి, ఇంజనును వెంట్రుకవాసి వెనక్కి జరపాలి. బిగువు సడలుతుంది, తీగలు చెరో పక్కకీ పోతాయి, కొక్కేలు తెరుచుకుంటాయి. లాగుతూ ఉన్నంతసేపూ మాత్రం చచ్చినా ఊడవు.

“చూసినవా విద్యా? చెయ్యే పెట్టలే!” అన్నాడు రామచందర్, పెట్టె ఒంటరిగా నిలబడిపోయిన రోజు.

“చూసిన. మంచిగనే ఉంది,” అంది విద్యావతి. “గిది నలుగురికి చూపెట్టున్రి. వాళ్లు మెచ్చుకుంటే మీ రైలు ఉంటది. లేకుంటే నా మిషన్లు వస్తయ్, రైలు మంచం కిందికి పోతది.”

నాంపల్లిలో ‘వినోద నమూనాల సంఘం’ అని ఒకటి ఉండేది. ఏటా ఒక హాల్లో ప్రదర్శన పెట్టేది. రామచందర్ దానికి దరఖాస్తు రాసుకుని వెళ్లాడు. కార్యదర్శి తాతారావు గారు. రాష్ట్రం ఏర్పడినప్పుడు కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, మర్యాదస్తుడు. దరఖాస్తు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు.

“ఇదేవిటండీ, ‘పెట్టెలను విడదీయు విధానము’ అని రాశారు?”

“ఔ సార్. గదే అసలు సంగతి.”

తాతారావు గారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. కిందటి ఏడాదంతా నగరం వేరుపడాలా, కలిసే ఉండాలా అని వాదించుకుంది. గోడల మీది రాతలు ఇంకా పూర్తిగా చెరగలేదు. “ఆ మాట ఈ రోజుల్లో కాయితం మీద వద్దండి. మీరేమో ఇక్కడివారు. నేనేమో అటునుంచి వచ్చినవాణ్ణి. మీరు విడదీస్తానని రాసి, కింద నేను సంతకం పెడితే ఏవన్నా బావుంటుందా?”

“సార్, గివి బొమ్మ డబ్బాలు.”

“డబ్బాలని మనిద్దరికీ తెలుసండి. ఫైలుకు తెలీదు కదా!”

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. “అసలు స్టేషన్లో పెట్టెలు విప్పాలంటే ఒక మనిషి మధ్యలోకి దిగుతాడండి. ఏదన్నా పొరపాటు జరిగితే అతన్ని సస్పెండు చేస్తారు. మీ దాంట్లో మనిషే లేడాయె. ఎవర్ని సస్పెండు చెయ్యమంటారు?”

“అయస్కాంతాన్ని చెయ్యున్రి సార్,” అన్నాడు రామచందర్ విసుగెత్తి.

తాతారావు గారు ఆ జవాబును శ్రద్ధగా రాసుకున్నారు. మర్నాడే ఉత్తర్వు వెలువడింది: సదరు అయస్కాంతమును విచారణ నిమిత్తము కార్యాలయమునకు అప్పగించవలెను.

అయస్కాంతం కార్యదర్శి గారి బల్ల మీద, ఆయన ఎడమ చేతి పక్కన విచారణకు కూర్చుంది. మొదటి రోజే గుండుసూదుల గిన్నె ఖాళీ చేసింది. కత్తెరను దగ్గరికి తీసుకుంది. (దాని నడవడి మీద అభిప్రాయం రాయవలసిన గుమస్తా, ‘కలుపుగోలు స్వభావము’ అని రాశాడు.) అసలు ప్రభావం తర్వాత బయటపడింది. ఆ కార్యాలయంలో గోడ గడియారం లేదు; కాలాన్ని తాతారావు గారి చేతి గడియారమే నిర్ణయించేది. అది పరుగు మొదలుపెట్టింది. మధ్యాహ్న భోజనం ఆకలి వేయకముందే వచ్చేది. సాయంత్రం ఇంటికి పోతూ ఉద్యోగులు ఎండకు గొడుగులు వేసుకునేవారు.

విచారణ ఎంతదాకా వచ్చిందో కనుక్కోవడానికి వెళ్లిన రామచందర్ సంగతి కనిపెట్టేశాడు.

“సార్, మీ గడియారం లోపటి స్ప్రింగుకు అయస్కాంతం పట్టింది. గందుకే ఉరుకుతున్నది. దుకాణానికి తెస్తే చిటికెల బాగుచేస్తా.”

గుమస్తాలు కలాలు దించారు. బంట్రోతు అంజయ్య వచ్చి రామచందర్ భుజం మీద చెయ్యేశాడు. “నీకెందుకన్నా ఫికర్? జర గట్లనే ఉండనియ్యి.”

తాతారావు గారు తన సిబ్బంది ముఖాలు చూశారు. అంత సంతోషంగా ఉన్న కార్యాలయాన్ని ఆయన తన సర్వీసులో ఎరగరు. “వచ్చే నెల చూద్దాం లెండి,” అన్నారు. ఆపై అయస్కాంతాన్ని కాస్త మెత్తటి చూపుతో చూసి, “రామచందర్ గారూ, విడిపోయిన పెట్టెలు మళ్లీ కలుస్తాయా?” అని అడిగారు.

“ఇంజను ఎన్కకొచ్చి తగిలితే వాటికవే కలుస్తయ్ సార్. అండ్ల నేను చేసిందేం లేదు.”

“ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ!”

ఆయన దరఖాస్తులో మొదటి వాక్యం కొట్టేసి, తన చేత్తో ఇలా రాశారు: ‘పెట్టెల పునఃకలయిక ప్రదర్శన (పూర్వరంగంతో సహా).’ పూర్వరంగం అంటే ఏమిటని ఏ సభ్యుడూ అడగలేదు. ఏకగ్రీవంగా ఆమోదించారు. అయస్కాంతాన్ని ప్రదర్శన మట్టుకు రామచందర్‌కు తిరిగి అప్పగించారు.

ప్రదర్శన రోజు గౌలిగూడ నుంచీ ఖైరతాబాద్ నుంచీ జనం వచ్చి హాలు నిండిపోయింది. వేదిక మీద సంఘం అధ్యక్షులు వామన్‌రావు గారు దండలతో కూర్చున్నారు. రామచందర్ మీట తిప్పాడు. రైలు బయలుదేరి, వంతెన దాటి, అయస్కాంతం మీదికి వచ్చింది. కంగారులో అతను ఆపకుండా లాగించాడు. పెట్టెలు విడవలేదు. మళ్లీ తిప్పి తెచ్చి, ఇంకా గట్టిగా లాగించాడు. విడవలేదు. జనంలో ఎవరో నవ్వారు. మంచం కింది చీకటి రామచందర్ కళ్ల ముందు కనిపించింది.

విద్యావతి అతని పక్కకు వచ్చింది. ఇప్పుడు నోరు మూసుకుంటే గది ఆమెదే. అయినా ఊరుకోలేకపోయింది.

“లాగకున్రి,” అంది మెల్లగా. “జర ఎన్కకు రానియ్యిన్రి.”

మీట మీద ఉన్న అతని చేతిపై తన చెయ్యి వేసి, రవ్వంత వెనక్కి తిప్పింది. తీగలు కదిలాయి. కొక్కేలు విచ్చుకున్నాయి. ఇంజను ముందుకు సాగింది, పెట్టె ఉన్నచోటే నిలబడింది. దాని మీద ఎవరి చెయ్యీ పడలేదు. హాలంతా చప్పట్లు, ఈలలు. వేదిక మీద మాత్రం ఎవరూ కదల్లేదు. ఇంజను తిరిగొచ్చి పెట్టెకు టిక్కున తగులుకుంది. అప్పుడు వేదిక లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

వామన్‌రావు గారు మైకు అందుకుని, ఇంత మంచి రైలు ఒకరి ఇంట్లో ఉండరాదనీ, ఇకపై ఏడాది పొడుగునా సంఘం హాల్లోనే ఉంటుందనీ, రామచందరే రోజూ వచ్చి నడపాలనీ ప్రకటించారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది విద్యావతి. రామచందర్ ఆమె వంక చూసి నవ్వేశాడు.

దిగివస్తూ వామన్‌రావు గారు రామచందర్‌ను దగ్గరికి పిలిచి భుజం తట్టారు.

“కలుసుకునేది మస్తుగున్నది,” అన్నారు. “నడుమల గా విడిపోయేది ఒక్కటే బాగలేదు. వచ్చే యేడు అది తీసేసి, ఉత్త కలుసుడే చూపెట్టుండ్రి.”

రామచందర్ నోరు తెరిచాడు. అతనికన్నా ముందే తాతారావు గారు “అలాగేనండి” అన్నారు.