గురవమ్మ సూది మీద ఏడుగురి విచారణ

పాపం చెయ్యడానికి ఒక్క మనిషి చాలు. అది పాపమని తేల్చడానికి మాత్రం ఏడుగురు సభ్యులు, ఒక బల్ల, ఒక మినిట్సు పుస్తకం, రెండు విడతల టీ కావాలి. అందుకే లోకంలో కమిటీని మించిన వరం లేదని ఈ కాలమ్ గట్టిగా వాదించదలచుకుంది. కమిటీ లేని చోట ఎవరి పాపం వాళ్ళే మోసుకోవాలి. కమిటీ ఉంటే దాన్ని ఎవరో ఒకరి నెత్తికెత్తి, మిగతావాళ్ళు చేతులూపుకుంటూ ఇంటికి పోవచ్చు.

నమ్మకం కుదరడం లేదా? అయితే గురవమ్మ సంగతి వినండి.

వడమాలపేట దాటాక పుత్తూరు రోడ్డు పక్కన రేకుల కప్పుతో ఒక చిన్న చర్చి ఉండేది. అరవై కుటుంబాల సంఘం. డెబ్భై తొమ్మిదో సంవత్సరానికి గురవమ్మ అందులో బాప్తిస్మం తీసుకుని నాలుగేళ్ళయింది. ఆమె వృత్తి పచ్చబొట్లు పొడవడం. వాళ్ళమ్మ చేతి సూదులతో పొడిచేది. గురవమ్మ మద్రాసు నుంచి బ్యాటరీ మిషను తెప్పించుకుంది. రోజూ పొద్దున్నే బస్సెక్కి అలిపిరికి పోయి, కొండ మెట్లెక్కే జనం ఎదురుగా గొడుగు కింద పెట్టె తెరిచేది. శంఖమైనా, నామమైనా, మొగుడి పేరైనా ఆమె చేతి నుంచి ముత్యంలా దిగేది. ఆదివారం మాత్రం పెట్టె మూసి, చర్చిలో చాప మీద కూర్చునేది. ఈ రెంటికీ మధ్య తగాదా ఉందని ఆమెకు తోచలేదు. అప్పటికి కమిటీ ఏదీ ఆమెకు చెప్పలేదు మరి.

అసలు ఆమె ఆ సంఘంలో చేరింది ఏ ప్రసంగమో విని కాదు. టైఫాయిడ్ వచ్చి, మొగుడు లేని ఇంట్లో ఒంటరిగా పడి ఉంటే, సంఘం సెక్రటరీ మునిరామయ్య భార్య చంద్రకాంతమ్మ ఇరవై రోజులు గంజి కాచి తెచ్చింది. నోట్లో పోసి, మూతి తుడిచి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్ళేది. ఆ చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి పోవాలనిపించింది గురవమ్మకు. పోయింది. అంతే.

ఆ ఏడు ఏప్రిల్లో కొత్త పాస్టరు వచ్చారు. దైవసహాయం అని పేరు. ముప్పై ఏళ్ళుండవు. చదివింది చదివినట్టు నమ్మే వయసు. వచ్చిన మూడో ఆదివారమే, ఒంటి మీద పచ్చబొట్లు పొడిపించుకోవడం దేవుడు నిషేధించిన పని అని ముప్పావుగంట ప్రసంగించారు. పాపం ఆయనకు తెలియని సంగతేమిటంటే, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో పెద్దవాళ్ళంతా బాప్తిస్మానికి ముందు నలభై ఏళ్ళు మామూలుగా బతికినవాళ్ళు. వాళ్ళ చేతుల మీద ఆ నలభై ఏళ్ళూ పచ్చగా రాసి ఉన్నాయి.

మరుసటి ఆదివారం చూడాలి ఆ సంఘాన్ని. మే నెల, రేకుల కప్పు, ఒక్కటే ఫ్యాను. మగవాళ్ళంతా మణికట్టు దాకా గుండీలు పెట్టిన ఫుల్ హ్యాండ్ చొక్కాలు. ఆడవాళ్ళు మోచేయి దాటిన రవికెలు. చెమట చాపల మీదికి కారుతోంది. ఇంతమంది ఇంత మర్యాదగా కూర్చోవడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

పుత్తూరులో కుట్టుమిషను వేసుకున్న బుడేన్ సాహెబ్ మాత్రం అయోమయంలో పడ్డాడు. మునిరామయ్య చేతి కొలతలు తీసుకుంటూ, "ఏందప్పా, మీ పండగ డిసెంబర్లో గదా? ఇప్పుడే ఇంతమందికి కొత్త గుడ్డలా?" అన్నాడు.

"చలిగా ఉండాదిలే సాయిబూ," అన్నాడు మునిరామయ్య, నుదుటి చెమట తుడుచుకుంటూ.

గురవమ్మకు దాచుకునే అలవాటు లేదు. ఆ ప్రసంగమైన మర్నాడే పాస్టరు గారి దగ్గరికి పోయింది.

"అయ్యగారూ, పొడిపించుకోవద్దని జెప్పినారు. పొడవద్దని యాడన్నా ఉండాదా?"

పాస్టరు గారు పుస్తకం తెరిచారు. వెతికారు. మూశారు. "లేదమ్మా. కానీ ఒకరి చేత తప్పు చేయించేది కూడా తప్పే కదా?"

"కొండకు పోయేవాళ్ళకు అది తప్పు గాదు గదయ్యా. వాళ్ళ దేవుడు వద్దనలేదు. నాకొచ్చింది ఇదొకటే పని. ఇడిసిపెట్టి ఏం జెయ్యమంటారు?"

నిజాయితీ గల మనిషి కాబట్టి తనకు తెలియదనే ఒప్పుకున్నారు. "కమిటీని అడుగుతాను," అన్నారు.

చూశారా కమిటీ ఉపయోగం? జవాబు లేని ప్రశ్నను పెట్టుకోవడానికి మనకో అటక ఉంది.

కమిటీ సమావేశమైంది. మునిరామయ్యతో కలిపి ఏడుగురు. దోషం సూదిదా, సిరాదా, బొమ్మదా అన్న దాని మీద రెండు గంటలు చర్చ నడిచింది. సూదిదే అయితే చెవులు కుట్టించుకున్నవాళ్ళ సంగతేమిటని ఒకాయన అడిగాడు. మశూచికి వేసిన టీకా మచ్చ ఏ కోవలోకి వస్తుందని ఇంకొకాయన లేచాడు. టీకా ప్రభుత్వం వేసింది కాబట్టి పాపం ప్రభుత్వానిదని తీర్మానించారు. చివరికి, విచారణ పూర్తయ్యేదాకా గురవమ్మ మిషను ముట్టరాదని ఉత్తర్వు రాశారు. విచారణ ఎప్పుడు పూర్తవుతుందో రాయడం మరిచిపోయారు.

గురవమ్మ మాట విన్నది. మిషనుకు గుడ్డ చుట్టి అటక మీద పెట్టింది. అలిపిరి బస్సు ఇంటి ముందు నుంచి పోతుంటే లోపలికి వెళ్ళి కూర్చునేది. వేరుశనక్కాయలు వలిచే కూలికి పోయింది. సన్నటి గీత తప్ప మరోటి ఎరగని వేళ్ళు సాయంత్రానికి పగిలిపోయేవి.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, తల మీదుగా తువ్వాలు కప్పుకుని మునిరామయ్య ఆమె గడపలోకి వచ్చాడు. వచ్చీ రాగానే తలుపు దగ్గరగా వేశాడు. కొత్త చొక్కా చేతి గుండీ విప్పి పైకి మడిచాడు. ముంజేతి మీద తిరునామం. దాని చుట్టూ చర్మం ఎర్రగా కాలి ఉబ్బి ఉంది.

"జీడి రసం పూసినాను గురవమ్మా. తోలు పోయింది గానీ బొట్టు పోలేదు. ఏమన్నా దారుంటే సూడు."

గురవమ్మ చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పింది. నామం కింద ఆవగింజంత చుక్కలు మూడున్నాయి.

"ఇది మాయమ్మ పొడిచింది అన్నా. ఆ మూడు సుక్కలూ ఆమె పెట్టేదే."

"ఏమో, పద్దెనిమిదేళ్ళప్పుడు పొడిపించినా. ఇప్పుడు నేను సెక్రటరీని. అర్థం జేసుకో."

"నన్ను మిషను ముట్టొద్దని రాసింది మీరే గదన్నా."

"అది వేరే. ఇది వేరే," అన్నాడు మునిరామయ్య. ఏది వేరో, ఎందుకు వేరో చెప్పలేదు. కానీ గొంతులో నిజంగానే భయం ఉంది. ఆ గొంతు విన్నప్పుడు గురవమ్మకు చంద్రకాంతమ్మ గంజి గిన్నె గుర్తొచ్చింది. నిచ్చెన వేసుకుని అటకెక్కింది.

నడిమి గీతను అట్లాగే ఉంచి, అడ్డంగా ఒక గీత దించింది. రెండు పక్కల గీతలకూ ఆకులు పెట్టి తీగలు చేసింది. గంటలో తీగల మధ్య శిలువ నిలబడింది. వాళ్ళమ్మ చుక్కల మీద మూడు ఆకులు పడ్డాయి. ఆ మూడూ వేసేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి నెమ్మదించింది.

"ఎవరికీ జెప్పొద్దు," అని మునిరామయ్య తువ్వాలు కప్పుకుని వెళ్ళిపోయాడు.

అతను చెప్పకుండా ఉండలేకపోయాడో, చొక్కా చేయి ఎక్కడ తొలగిందో తెలియదు. ఆ నెల్లోనే కమిటీలో మిగతా ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు, ఒకరికి తెలియకుండా ఒకరు, తలుపు దగ్గరగా వేసి మణికట్లు చాపారు. ఒకాయన శంఖం పావురమై, దాని పక్కన శిలువ వెలిసింది. ఇంకొకాయన చేతి మీద వకుళ అని ఉంది. ఆయన భార్య పేరు వకుళ కాదు. ఆ మూడక్షరాల మీదా శిలువ పాతి, చుట్టూ పూలు పరిచేసరికి గురవమ్మకు రెండు పూటలు పట్టింది. పాపాన్ని చెరపాలంటే పాపమే చెయ్యాలని ఏ పండితుడూ కనిపెట్టలేదు. ఆ కమిటీ కనిపెట్టింది.

ఇంతలో కమిటీకి సంతకం లేని ఉత్తరం ఒకటి అందింది. గురవమ్మ ఇంట్లో పట్టపగలు మిషను గుర్రుమంటున్నదని, ఉత్తర్వు ధిక్కరించిందని. ఆ చప్పుడు విన్నవాడు ఆ ఇంటి దాకా ఎందుకు పోయాడో ఎవరూ అడగలేదు. ఉత్తరం అందాక ఊరుకుంటే కమిటీ పరువేం కావాలి?

జూలైలో ఒక శనివారం సాయంత్రం చర్చిలోనే విచారణ పెట్టారు. జనం కూడా వచ్చారు. బల్ల వెనక ఏడుగురు, మధ్యలో పాస్టరు గారు, ఎదురుగా గురవమ్మ.

"మిషను ముట్టినావా?" అని అడిగాడు మునిరామయ్య. ఆమె వైపు కాకుండా మినిట్సు పుస్తకం వైపు చూసి అడిగాడు.

"ముట్టినా."

"ఎవరికి పొడిచినావమ్మా?" అన్నారు పాస్టరు గారు.

గురవమ్మ చంద్రకాంతమ్మ వైపు చూసింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది.

"అది జెప్పను అయ్యగారూ. నా దగ్గిర చెయ్యి చాపినోళ్ళ పేరు నేను జెప్పకూడదు. మాయమ్మ గూడా జెప్పలేదు."

ఇక విచారించడానికి ఏముంది? నేరం ఒప్పుకుంది. ఆరు నెలలు ప్రభు సంస్కారం ఇవ్వకూడదని మునిరామయ్య తీర్మానం చదివాడు. ప్రభు బల్ల దగ్గర రొట్టె ముట్టనివ్వరన్నమాట. అనుకూలమైనవారు చేతులెత్తాలన్నాడు.

ఏడు చేతులు లేచాయి.

బుడేన్ సాహెబ్ కుట్టు మంచిదే. కానీ ఆ ఉక్కలో అందరూ గుండీలు విప్పుకుని కూర్చున్నారు. చేతులు లేచేసరికి చొక్కాలు మోచేతుల దాకా జారాయి. ఏడు ముంజేతులు, ఏడు శిలువలు. కొన్ని మానాయి, కొన్ని పొక్కు కట్టాయి, ఒకటి ఇంకా తడిగా మెరుస్తోంది.

పాస్టరు గారు లెక్కపెట్టారు. ఏడు లెక్కపెట్టడానికి పట్టేదానికంటే చాలా ఎక్కువసేపు చూశారు. ఆయన చూస్తున్నంతసేపూ చేతులు దించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఏం చూస్తున్నారో తెలిశాక దించినా లాభం లేకపోయింది.

"గురవమ్మా, నువ్వేమైనా చెప్పుకుంటావా?" అన్నారు చివరికి.

ఆమె ముందుకు వంగి, చివరి సభ్యుడి చేతిని పనివాళ్ళు చూసే చూపు చూసింది.

"నాకేం లేదయ్యా. ఆ కొసాకరి ఆయన్ని చెయ్యి దించుకోమనండి. ఇంకా పచ్చిగా ఉండాది. ఎత్తి పెట్టుకుంటే సలుపుతాది."



అయినా తీర్మానం తీర్మానమే. ఏడుకు ఏడు ఓట్లు. పొడిచినామెకు ఆరు నెలలు. పొడిపించుకున్నవాళ్ళ గురించి ఎజెండాలో లేదు కాబట్టి చర్చించలేదు.

ఆగస్టు మొదటి ఆదివారం సంస్కారం జరిగింది. ఏడుగురూ ముందు వరుసలో మోకరించి రొట్టె తీసుకున్నారు. పాస్టరు గారు అందరికీ ఇచ్చారు. తన వంతు వచ్చేసరికి పళ్ళెం మీద గుడ్డ కప్పి, మెట్లు దిగి, చాపలు దాటుకుంటూ చివరికి పోయి, గురవమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు. ఆమె తన చాప కొంచెం ఆయన వైపు జరిపింది. ఆరు నెలలూ ఆయన రొట్టె ముట్టలేదు.

ఆమె మాత్రం ఆ సోమవారమే మిషను పెట్టె నెత్తిన పెట్టుకుని అలిపిరి బస్సెక్కింది. ఆదివారాలు వస్తూనే ఉంది.

పాస్టరు సంస్కారాన్ని నిరాకరించడం క్రమశిక్షణను ధిక్కరించడమేనని సంఘంలో పెద్దలకు చాలా బాధ కలిగింది. ఆరు నెలలు తీరగానే విచారణకు కమిటీ వేశారు. అదే ఏడుగురు, అదే బల్ల. ఆయన్ని ఆ ఊరి నుంచి పంపెయ్యాలని తీర్మానం కూడా అయింది.

కమిటీలు ఏమీ నేర్చుకోవని ఎవరైనా అంటే ఈ కాలమ్ ఒప్పుకోదు. ఈసారి చేతులెత్తమనలేదు. చీటీల మీద ఓటు పెట్టారు.