వెంటపడిన నల్ల కారు

పెళ్లయి యాభై ఏళ్లు నిండిన రోజు పొద్దున్నే భార్య మీనాంబాళ్‌ను తన పాత నల్ల కారులో విల్లియనూరు గుడికి తీసుకుపోవాలనుకున్నాడు సుబ్బరాయలు. రెడ్డియార్‌పాళయంలో ఆ అరవై ఏళ్ల బండిని ఎరగనివాళ్లు లేరు. ఆయన దాన్ని మొహం కనిపించేలా తుడిచి, పసుపు కుంకుమ పెట్టేసరికి, అల్లుడు హరిహరన్ కొత్త విదేశీ కారు తెచ్చి పక్కనే ఆపాడు.

"అత్తా, దీంట్లో రండి. కుదుపే తెలీదు."

"నా బండికేం తక్కువ? ఇది ఉక్కు. నీది అద్దాల బీరువా," అన్నాడు సుబ్బరాయలు.

"మీ బండికేం తక్కువలేదు. నా నడుముకే ఓపిక తక్కువ," అంటూ మీనాంబాళ్ కొత్త కారెక్కింది.

సుబ్బరాయలుకు ప్రాణం చివుక్కుమంది. ఆమె తన బండిని కాదని ఇంకో బండి ఎక్కడం ఇదే మొదలు. మొహం గంటు పెట్టుకుని వెనకాలే బయలుదేరాడు.

కొంతదూరం పోయాక హరిహరన్ పూలకొట్టున్న సందులోకి తిప్పి, కారు దిగాడు. అది చూడని సుబ్బరాయలు, వాళ్లు ముందే పోతున్నారనుకుని బండిని అలాగే ముందుకు తోలాడు. అక్కడ సందులో మీనాంబాళ్‌కూ దిగాలనిపించింది. తలుపుకు పిడి కనిపించలేదు. నెత్తిమీద కారు కప్పుకు ఎర్ర మీట కనిపిస్తే నొక్కింది. అది ఆపదలో ఉన్నవాళ్లు నొక్కేది. కారు కంపెనీవాళ్ల సాయకేంద్రం నుంచి ఒక అమ్మాయి గొంతు పలికింది.

"భయపడకండమ్మా. మీ వెంట ఎవరైనా ఉన్నారా?"

"వెనకాల వస్తా ఉండాడు గదా, నల్ల పాత కారులో! యాభై ఏండ్లుగా నన్ను వదిలింది లేదు. ఇయ్యాల మహా కోపంగా ఉండాడు."

ఆ అమ్మాయి ఆమె పేరూ, పోయే దారీ అడిగి, ఆ క్షణమే పోలీసులకు ఫోను కలిపింది.

విల్లియనూరు రైలుగేటు ఇంకా కొంతదూరం ఉందనగా ఎస్సై లోకేశ్వరి జీపు దిగి చెయ్యి అడ్డం పెట్టింది. సుబ్బరాయలు బ్రేకు తొక్కాడు. అది పూర్తిగా కిందికి దిగిపోయింది. మళ్లీ తొక్కాడు. ఊహూ! హ్యాండ్‌బ్రేకు లాగి, బండిని పక్కనున్న ఇసుకకుప్పలోకి దూర్చేశాడు.

"పారిపోదామనుకుంటివా? ఆయమ్మను ఎందుకు వెంటాడతా ఉండావు?" గద్దించింది లోకేశ్వరి.

"యాయమ్మను?"

"మీనాంబాళ్‌ను!"

"ఆమె నా పెండ్లాం తల్లీ!"

"యాభై ఏండ్లుగా వదల్లేదంటనే!"

"ఎట్ల వదిలేది? తాళి కట్టినా గదా!"

అంతలో హరిహరన్ అత్తను వెంటబెట్టుకుని వచ్చి సంగతంతా చెప్పాడు. లోకేశ్వరి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె వెంట ఉన్న కానిస్టేబుల్ మాత్రం నవ్వలేదు. బండి కిందికి వంగి చూసి, బ్రేకు ఆయిలు బొట్టు లేకుండా కారిపోయిందన్నాడు.

సుబ్బరాయలు తలెత్తి ముందుకు చూశాడు. రైలుగేటు మూసి ఉంది. గేటు ముందు బడిపిల్లల బస్సు ఆగి ఉంది. కిటికీలోంచి ఒక పాప ఆయనకు చెయ్యి ఊపింది. ఆయన ఇసుకలోనే కూలబడ్డాడు.

"నువ్వు ఆ మీట నొక్కకుంటే..." అన్నాడు, బస్సువైపే చూస్తూ. మీనాంబాళ్ ఆయన తలమీది ఇసుక దులిపింది.

పాత బండిని మెకానిక్కుకు అప్పగించి, అందరూ కొత్త కారెక్కారు. సుబ్బరాయలు దానికి రెండు చేతులూ జోడించాడు.

"నీ మేలు మరిచిపోనమ్మా."

కారు ఇంగ్లీషులో సీటుబెల్టు పెట్టుకోమంది. ఆయన కిక్కురుమనకుండా పెట్టుకున్నాడు. తన మాట ఆయన అంత తొందరగా విన్న రోజు, ఆ యాభై ఏళ్లలో ఎంత వెతికినా మీనాంబాళ్‌కు ఒక్కటీ గుర్తురాలేదు.