మడుగు వంతుకు ఇంగ్లీషు పరీక్ష

ఒక పెద్ద అడవిలో ఎండలు ముదిరేసరికి మిగిలేది ఒక్క మడుగు. మిగతా కాలమంతా అడవి అందరిదీ. ఎండాకాలం వస్తే మాత్రం అడవి మడుగుది, మడుగు పంచాయతీది.

పంచాయతీ నీళ్ళకు వంతులు వేసింది. తెల్లవారుజామున చల్లటి తేట నీళ్ళు అడవిపందులకు. అవి పొర్లి లేచాక మిగిలిన బురద మిగతా అందరికీ. దుప్పుల వంతు మునిమాపు వేళ వచ్చింది. ఆ వేళకే చిరుత కూడా వస్తుంది. చిరుతకు మాత్రం పంచాయతీ వంతు వేయలేదు. వేసే ధైర్యం ఎవరికీ లేదు.

సాలమ్మ అనే దుప్పికి నిరుడు ఇద్దరు పిల్లలు. ఇప్పుడు ఒక్కటే. ఆమె పంచాయతీ ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళింది. ప్రెసిడెంటు భూషయ్య అనే ఏనుగు.

"అయ్యా, మాకు పొద్దున వంతు ఇప్పించండి. సాయంత్రం నీళ్ళకెళ్తే ఈ పిల్ల కూడా దక్కేలా లేదు."

"న్యాయమే," అన్నాడు భూషయ్య చెవులు ఊపుతూ. "కానీ తెలుగులో అడిగావు."

భూషయ్య ఆ మధ్య ఫారెస్టు గెస్ట్‌హౌస్ వెనక వెదుళ్ళ చాటున నిలబడి ఒక గొప్ప సత్యం కనిపెట్టాడు. కట్టెలు ఏరుకుంటామని కొందరు వచ్చి తెలుగులో అడిగారు. రేపు రమ్మన్నారు. జీపు దిగినవాడొకడు ఇంగ్లీషులో ఏదో అన్నాడు. కుర్చీ వేశారు, టీ తెచ్చారు, ఫ్యాను కూడా అతని వైపు తిప్పారు. మర్నాడే పంచాయతీ తీర్మానం చేసింది. ఇక మీదట అర్జీలన్నీ ఇంగ్లీషులోనే. అదీ పరీక్ష పాసైనవాళ్ళు పెడితేనే.

నీళ్ళు పుట్టినప్పుడు ఏ భాషలోనూ పుట్టలేదు. ఆ ముక్క తీర్మానంలో రాయలేదు.

పరీక్ష పెట్టే ఉద్యోగం పరాంకుశం అనే నక్కకు దక్కింది. గెస్ట్‌హౌస్ వంటింటి వెనక ఎముకలు ఏరుకుని బతికినవాడు కాబట్టి ఇంగ్లీషు వచ్చినవాడే. పరీక్ష పెట్టేవాడే ట్యూషన్ కూడా చెప్పొచ్చా అని ఎవరూ అడగలేదు. అడగాలంటే ఇంగ్లీషులో అడగాలి.

పరాంకుశం బండ ఎక్కి మొదటి పాఠం మొదలుపెట్టాడు.

"ఇంగ్లీషులో క్రియలు బోలెడున్నాయి. మీకన్నీ అక్కర్లేదు. గెట్ అని ఒకటుంది. అది వస్తే ఇంగ్లీషు వచ్చినట్టే."

నిజానికి ఆయనకు వచ్చింది అదొక్కటే. గెస్ట్‌హౌస్ వాళ్ళు ఆయన కనబడ్డప్పుడల్లా ఆ క్రియే వాడేవారు.

"ఐ గెట్ వాటర్. నాకు నీళ్ళు దొరుకుతాయి. అనండి."

"ఐ గెట్ వాటర్," అంది క్లాసు ఒకే గొంతుతో.

"ఐ గెట్ వెట్. తడిసిపోతాను. ఐ గెట్ హోమ్. ఇల్లు చేరతాను. ఐ గెట్ అప్. నిద్ర లేస్తాను. ఐ గెట్ ఇట్. నాకు అర్థమైంది."

"ఐ గెట్ ఇట్," అంది క్లాసు. ఎవరికీ అర్థం కాలేదు.

ముందు వరసలో కూర్చునే కొండముచ్చు తారకం చెయ్యెత్తాడు. "సార్, దొరకడానికీ తడవడానికీ చేరడానికీ అదే మాటయితే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"పక్కనున్న మాటని బట్టి. వాటర్ లాంటి వస్తువు పక్కనుంటే దొరకడం. హోమ్ లాంటి చోటు పక్కనుంటే చేరడం. వెట్, హంగ్రీ, యాంగ్రీ లాంటివి పక్కనుంటే అలా మారిపోవడం."

"అంటే నీళ్ళ పక్కనుంటే చాలు, దొరికినట్టే," అన్నాడు అడవిపందుల పెద్ద పోలయ్య. "మేముండేదీ అక్కడేగా."

పందులన్నీ నవ్వాయి. వాటికి ఏ అర్జీ అవసరం లేదు. పక్కవాళ్ళ తప్పులు వినడానికి క్లాసుకొచ్చేవి. పోలయ్య తవ్వి తెచ్చే పందికొక్కులు పరాంకుశానికి అందుతున్నంతకాలం పొద్దున వంతు చేతులు మారదని సాలమ్మకు తప్ప అందరికీ తెలుసు.

పరాంకుశం గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు అసలు పాఠం. ఎవరు ఇంగ్లీషు మాట్లాడినా ఏం చెబుతున్నారో వినకండి. తప్పు ఎక్కడ చేశారో వినండి. పట్టినవాడికి మార్కు. తెలుగులో నోరు విప్పితే ఫెయిల్. నేను చచ్చిపోతున్నానని తెలుగులో మొత్తుకున్నా పలకొద్దు. అదీ పరీక్షే అనుకోండి."

గెట్ సంగతి ఎలా ఉన్నా ఈ పాఠం మాత్రం అడవికి ఇట్టే వచ్చేసింది.

సాలమ్మ ఈతపళ్ళ గెల ఫీజుగా పెట్టి పరీక్షకు నిలబడింది. "ఐ వాంట్ టు గెట్ వాటర్ ఇన్ మార్నింగ్."

"మార్నింగ్ ముందు 'ద' ఏది?" అంది క్లాసంతా. ఫెయిల్.

ఇంకో గెల పెట్టి మళ్ళీ వచ్చింది. ఈసారి 'ద' పెట్టింది. చివర ప్లీజ్ లేదన్నారు. ఆ తర్వాత ప్లీజ్ కూడా పెట్టింది.

"వాక్యం బాగానే ఉంది," అన్నాడు పరాంకుశం గడ్డం గోక్కుంటూ. "కానీ యాస దుప్పి యాసలా ఉంది."

"నేను దుప్పినే కదా సారూ."

"తెలుగులో జవాబిచ్చావు. ఫెయిల్."

రోజూ పిల్ల పక్కన పడుకుని సాలమ్మ గెట్, గెట్ అని వల్లించుకునేది. అమ్మ ఏదో పాట పాడుతోందనుకుని పిల్ల నిద్రపోయేది. మునిమాపు వేళ మాత్రం ఇద్దరూ మడుగు దాకా వెళ్ళి, గడ్డిలో ఏదో కదిలిందని తాగకుండానే తిరిగొచ్చేవారు. పిల్ల పెదవులు పగిలాయి.

ఇలా ఉండగా ఊళ్ళోంచి వేటగాళ్ళు వచ్చి, పందుల కోసం మడుగు దారిలో ఒక గొయ్యి తవ్వి పైన ఆకులు కప్పి పోయారు. మర్నాడు తెల్లారగట్ల పోలయ్య వంతులో నీళ్ళు తాగుదామని వెళ్తూ పరాంకుశం అందులో పడ్డాడు.

"ఓరి నాయనో, కాలు విరిగింది. ఎవరన్నా లాగండ్రా," అని మొత్తుకున్నాడు.

పాఠానికి వెళ్తున్న క్లాసు గొయ్యి చుట్టూ మూగింది. అవతలి దారిన అప్పుడే మడుగు చేరిన పందులు కూడా నీళ్ళలో దిగకుండానే తమాషా చూడ్డానికి పరుగెత్తుకొచ్చాయి.

"పలక్కండి," అన్నాడు తారకం మెల్లగా. "సార్ పరీక్ష పెడుతున్నారు. ఎంత బాగా ఏడుస్తున్నారో చూడండి."

పైన ఎవరూ కదలకపోయేసరికి పరాంకుశానికి సంగతి బోధపడింది. ఏడుపు మింగి ఇంగ్లీషులోకి దిగాడు. "గెట్ మి అప్."

"తప్పు," అంది క్లాసు సంబరంగా.

"అప్ అంటే నిద్ర లేపడమవుతుంది సార్," అన్నాడు తారకం. "గోతిలోంచి అవుట్."

"గెట్ మి అవుట్."

"ప్లీజ్ లేదు. రెండో తప్పు," అన్నాడు పోలయ్య. ఇన్నాళ్ళలో ఆయన సొంతంగా పట్టిన మొదటి తప్పు అదే.

"ప్లీజ్ గెట్ మి అవుట్," అన్నాడు పరాంకుశం పళ్ళు కొరుకుతూ.

ఈసారి వంక లేదు. అడవి దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నేర్చుకున్న ప్రకారం అందరూ ఒకే గొంతుతో, "ప్లీజ్ గెట్ మి అవుట్," అన్నారు. అని, తర్వాతి వాక్యం కోసం శ్రద్ధగా కూర్చున్నారు.

సాలమ్మ ఒక్కతే గొయ్యి అంచుకు వచ్చి వంగి చూసింది. కాలు వంకర తిరిగి ఉంది. "సారూ, నిజంగానే పడ్డావా?"

పరాంకుశం తలెత్తాడు. అవునంటే చాలు. కానీ క్లాసంతా చూస్తోంది. ఒక దుప్పికి తెలుగులో జవాబిస్తే రేపు బండ ఎక్కడం ఎలా?

"తెలుగులో అడిగావు," అన్నాడు. "ఫెయిల్."

"సరే సారూ," అంది సాలమ్మ.

వెనక్కి తిరిగి చూస్తే మడుగు ఖాళీగా ఉంది. పందులన్నీ గొయ్యి దగ్గరే ఉన్నాయి. నీళ్ళు ఇంకా తేటగానే ఉన్నాయి. ఆమె పిల్లను తీసుకుని వెళ్ళి కడుపు నిండా తాగించింది. అది చూసి మిగతా దుప్పులు కదిలాయి. వాటి వెనక కుందేళ్ళు, ముళ్ళపందులు. గొయ్యి దగ్గర ఇంగ్లీషు, మడుగు దగ్గర అడవి మిగిలాయి.

పొద్దెక్కాక వేటగాళ్ళు వచ్చారు. క్లాసు చెల్లాచెదురైంది. వాళ్ళలో ఒకడు గోతిలోకి చూసి, "పందికని తవ్వితే ఈ దరిద్రం పడిందేంట్రా," అన్నాడు. గొయ్యి మళ్ళీ పనికి రావాలి కాబట్టి మోకు వేసి నక్కను పైకి లాగి, వీపు మీద ఒకటిచ్చి వదిలారు. వాళ్ళు తిట్టినవన్నీ తెలుగు తిట్లే. పరాంకుశానికి ఒక్కటీ తప్పిపోకుండా అర్థమయ్యాయి.

మర్నాడు పొద్దున కూడా మడుగంతా దుప్పులే. పందులు ఎదుటి మందను ఓసారి చూసి, గుర్రుమని, వెనక్కి జరిగాయి. పోలయ్య పంచాయతీకి పరుగెత్తాడు.

"ప్రెసిడెంటు గారూ, మా వంతులో అందరూ పడి తాగుతున్నారు."

"న్యాయమైన మాటే," అన్నాడు భూషయ్య. "కానీ తెలుగులో అడిగావు."

"అయితే పరాంకుశం సారు నన్ను ఇప్పుడే పాస్ చేస్తారు."

"కుదరదు," అన్నాడు తారకం. "సారు గోతిలో పరీక్షకు నిలబడ్డారు. రెండు తప్పులు. ఫెయిల్."

"చివరికి సరిగ్గానే అన్నానుగా," అన్నాడు పరాంకుశం కుంటుతూ వచ్చి.

"చివరికి సరిగ్గా అన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు సార్. మీరు ఎవర్ని పాస్ చేశారు?"

భూషయ్య తొండం చుట్టి తీర్పు చెప్పాడు. "ఫెయిలైనవాడు పరీక్ష పెట్టకూడదు. పాసైనవాడు అడవిలోనే లేడు. కాబట్టి పోలయ్యా, నీ ఫిర్యాదు పూర్తిగా న్యాయమైనది, దాన్ని తీసుకోవడం మాత్రం కుదరదు."

ఆ పూట సాలమ్మ పిల్ల నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి ఆడుకుంది.

నీతి: అర్జీ పెట్టాలనుకునేవాళ్ళు ఇంగ్లీషు నేర్చుకోండి, దప్పికైనవాళ్ళు వెళ్ళి తాగండి.